మందు పెట్టిందెవరు? డర్బన్‌లో నా అనుభవం

2018 మార్చిలో ఒక సోమవారం పొద్దున్నే మా ప్యాకింగ్ లైన్‌లో పనిచేసే ఒకావిడ నా గదిలోకి వచ్చి, ఒక కాగితం రెండు చేతులతో పట్టుకుని నాకు అందించింది. గీతల నోటుబుక్కులోంచి చింపిన పేజీ. నీలం బాల్‌పెన్‌తో జూలూ భాషలో ఏడెనిమిది లైన్లు, కింద గుండ్రటి రబ్బరు ముద్ర, ఒక ఫోన్ నంబరు. పక్క సీటు అమ్మాయి చదివి చెప్పింది. "ఈమెకు ఒంట్లో బాగాలేదు. పెద్దల విషయం కూడా ఉంది. కుటుంబంతో కూర్చుని చూడాలి. రెండు వారాలు సెలవు ఇవ్వండి." రాసింది డాక్టరు కాదు, సంగోమా, అంటే చనిపోయిన పెద్దలతో మాట్లాడి రోగానికి కారణం చెప్పే అక్కడి సంప్రదాయ వైద్యురాలు.

నేను డర్బన్ పక్కన పైన్‌టౌన్‌లో ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీలో హెచ్ఆర్‌లో పనిచేసేదాన్ని. మాది సంగారెడ్డి దగ్గర ఊరు. మా ఆయన ఉద్యోగం కోసం 2016లో దక్షిణాఫ్రికా వెళ్లాం. ఆ కాగితం తెచ్చిన ఆవిడను అందరం "సిసీ" అని పిలిచేవాళ్లం, అక్క అని అర్థం. పంతొమ్మిదేళ్ల సర్వీసు. అంతకుముందు రెండు నెలలుగా ఆవిడ దగ్గుతూనే ఉంది. యూనిఫాం భుజాల మీంచి జారిపోతోంది. నేను రెండుసార్లు క్లినిక్‌కి వెళ్లమన్నాను. తల ఊపేది, వెళ్లేది కాదు.

మా మేనేజరు ఆ కాగితాన్ని వేలితో పక్కకు నెట్టాడు. "ఇది సిక్ నోట్ కాదు. రాకపోతే గైర్హాజరు కింద రాసెయ్" అన్నాడు. రూలు ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. అక్కడి 1997 నాటి ఉపాధి చట్టం ప్రకారం వరుసగా రెండు రోజులు దాటి రాకపోతే సర్టిఫికెట్ అడగొచ్చు. అది వైద్యుడో, వృత్తి మండలిలో నమోదైన చికిత్సకుడో ఇచ్చినదై ఉండాలి. సంప్రదాయ వైద్యులను గుర్తిస్తూ 2007లో ప్రత్యేక చట్టం వచ్చింది గానీ, ఆ నమోదు వ్యవస్థ మాత్రం అప్పటికి కుదురుకోలేదు. కానీ నాకు ఒక కేసు గుర్తుంది. ఒక హోటల్లో షెఫ్‌గా పనిచేసే ఆమె, పెద్దలు పిలుస్తున్నారంటూ సంగోమా శిక్షణ కోసం జీతం లేని సెలవు అడిగింది. ఇవ్వకపోయినా వెళ్లింది. ఉద్యోగం తీసేశారు. ఆ తీసేయడం అన్యాయమని 2013లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అపీల్ కూడా చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసి మేనేజరు ముందు పెట్టాను. మూడు రోజులు టైమివ్వండి, నేనే కనుక్కుంటాను అన్నాను.

ఆ నంబరుకి ఫోన్ చేశాను. అవతల పెద్దావిడ గొంతు, నెమ్మదైన ఇంగ్లిష్. నేనెవరో చెప్పగానే ఆవిడ అన్న మాట: "శనివారం నువ్వు కూడా రా. ఆమె పొద్దంతా మీ దగ్గరే ఉంటుంది కదా. నువ్వూ ఆమె మనిషివే."

మా స్టోర్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, డర్బన్‌లోనే పుట్టిన తెలుగాయన. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి చెరకు తోటల కూలీలను తెచ్చింది కదా, ఆ తర్వాతి ఏళ్లలో వచ్చిన ఓడల్లో ఒకదాన్లో వీళ్ల ముత్తాత దిగాడు. ఇంటిపేరు తెలుగే గానీ ఆయనకు తెలుగు పది మాటలు మించి రాదు. నేను అంకుల్ అని పిలిచేదాన్ని. సంగోమా ఇంటికి వెళ్తున్నానంటే ఆయన భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. "ఉత్త చేతులతో వెళ్లకూడదు. పద, మార్కెట్‌కి వెళ్దాం" అన్నారు. వాళ్ల తాతకు ఒకప్పుడు ముతి కొట్టు ఉండేదట. ముతి అంటే మందు, మూలిక. డర్బన్‌లో అలాంటి కొట్లు నడిపిన భారతీయ కుటుంబాలు చాలానే ఉన్నాయి.

వార్విక్ జంక్షన్‌లో మధ్యలో ఆగిపోయిన ఒక ఫ్లైఓవర్ ఉంది. దాని మీదే మూలికల మార్కెట్. కింద బస్సులు, మినీ ట్యాక్సీల హారన్లు, పైన గోనె పట్టాల మీద బెరళ్లు, వేళ్లు, దుంపలు, ఎండిన పాము చర్మాలు. ఆడవాళ్లు కూర్చుని బెరడును చిన్న గొడ్డలితో ముక్కలు కొడుతున్నారు. ఇసిభాహా అనే చెట్టు బెరడు ముక్క నా నాలుక మీద పెట్టారు అంకుల్. మిరియం కంటే ఘాటు. దగ్గుకూ జలుబుకూ వాడతారట. చెట్టు చుట్టూ బెరడు ఒలిచేయడం వల్ల అది అడవిలో అరుదైపోయింది. నేను ఇంపెఫో కట్టలు రెండు, తెల్ల కొవ్వొత్తులు, ఒక ముక్కుపొడి డబ్బా కొన్నాను. ఇంపెఫో మనకు సాంబ్రాణి లాంటిది, పెద్దలను పిలవడానికి వేసే పొగ.

శనివారం సిసీ కొడుకు కారులో ఇనాండా వైపు వెళ్లాం. కారులో సిసీ, ఆవిడ చెల్లెలు, కొడుకు, కోడలు, నేను. కోడలికి ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయేమో. దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆ పిల్లతో ఎవరూ మాట్లాడకపోవడం నేను అప్పుడే గమనించాను.

కొండవాలు మీద సిమెంటు ఇల్లు, దాని వెనక గుండ్రటి పూరిల్లు. దాన్ని ఇందుంబా అంటారు. చెప్పులు బయటే విడిచాం. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. నేను చున్నీ తల మీద వేసుకుని చాప మీద ఒక పక్కకు కాళ్లు మడిచి కూర్చున్నాను. ఇంపెఫో పొగకు మొదట కళ్లు మండాయి, తర్వాత అలవాటైంది. సంగోమాకు అరవై దాటి ఉంటాయి. ఎరుపు, తెలుపు, నలుపు గుడ్డ, జుట్టుకు పూసలు, మణికట్టుకు మేకతోలు పట్టీ. అందరూ ఆవిడను మఖోసి అన్నారు, సంగోమాను గౌరవంగా పిలిచే మాట అది. నేనూ అలాగే అన్నాను. డబ్బు చేతికి ఇవ్వకూడదు. చాప మీద పెట్టాలి.

ఆవిడ తోలు సంచి విప్పి ఎముకలు చాప మీద పోసింది. నేను ఎముకలంటే ఎముకలే అనుకున్నాను. మేక కీళ్ల ఎముకలు ఉన్నాయి గానీ, వాటితో పాటు గవ్వలు, ఒక పాత నాణెం, ఒక పాచిక, ఒక డామినో బిళ్ల, సముద్రపు చిప్ప కూడా ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో మనిషి, ఒక్కో విషయం. ఏది ఎటు తిరిగి, దేని పక్కన పడిందో చూస్తుంది. చూస్తూ ఒక మాట చెబుతుంది. ఇంటివాళ్లంతా చప్పట్లు కొట్టి "సియావుమా" అనాలి. ఒప్పుకుంటున్నాం అని అర్థం.

చిన్నప్పుడు మా ఊళ్లో ఎరుకలామె సోది చెప్పేటప్పుడు కూడా ఇంతే. మాటకు మాట "అవునా తల్లీ" అంటుంది, మనం ఊఁ కొట్టాలి. ఇక్కడ కూర్చున్నాక నాకొకటి అర్థమైంది. మాట తగలనప్పుడు సియావుమా పీలగా వస్తుంది. తగిలినప్పుడు గోడలు అదిరేలా వస్తుంది. ఆవిడ ఆ గొంతులను వింటూ ముందుకెళ్తుంది. దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. ఇంట్లో ఎవరూ పైకి అనని బాధను ఇంటివాళ్ల గొంతుతోనే బయటికి లాగుతోంది ఆవిడ. ఏ ఆస్పత్రిలో మా సిసీ కోసం నలుగురు మనుషులు గంటన్నర కింద కూర్చుంటారు?

మాట మెల్లగా అటే వెళ్లింది. సిసీ వాళ్లమ్మ చనిపోయాక చేయాల్సిన కర్మ ఒకటి మిగిలిపోయింది. సియావుమా. ఇంట్లో మాటలు తగ్గాయి. సియావుమా. తిండి దగ్గర మనసు విరిగింది. ఈసారి అందరికంటే గట్టిగా చెల్లెలి గొంతు. మఖోసి ఆగింది. చెల్లెలు ఆగలేదు. "ఇసిద్లీసో అని మాకు తెలుసు. పెట్టిందెవరో చెప్పు" అంది.

ఇసిద్లీసో అంటే ఏమిటో కొడుకు నాకు చెవిలో చెప్పాడు. చెప్పక్కర్లేదు, అలాంటి మాట మా ఊళ్లోనే విన్నాను. అన్నంలో మందు పెట్టడం. అది లోపల కూర్చుని మనిషిని తినేస్తుంది, దగ్గు వస్తుంది, బక్కచిక్కిపోతారు. దానికి విరుగుడు కూడా మన దగ్గరలాగే, కక్కించడం. పెట్టేవాళ్లు కూడా బయటివాళ్లు కారు, వంటింట్లో ఉండేవాళ్లే. ఆ ఇంట్లో వంట చేసేది కోడలు. ఒక్కరు కూడా పేరెత్తలేదు, అందరూ ఆ పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల చాప అంచులోని గడ్డిపోచ ఒకటి పీకి వేలికి చుట్టుకుంటోంది. వేలి కొస తెల్లబడేంత గట్టిగా చుట్టింది.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె అత్తగారి ఊళ్లో వరుసగా గేదెలు చచ్చిపోయాయి, ఒక పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. పొరుగూరి మంత్రగాణ్ణి పిలిపిస్తే, ఫలానా దిక్కున ఉన్న ఇల్లు, ఫలానా రంగు ఆడమనిషి అని చెప్పాడు. బాణామతి చేస్తోందని మా మేనత్తను రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి ముందు పళ్లు రెండు పీకేశారు. రాత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. ఆమె ఫొటో ఏది చూసినా నోరు మూసే ఉంటుంది. ఆ మంత్రగాడు ఆమెను ముట్టుకోలేదు. దిక్కు చూపించాడు, అంతే. ఆ చాప మీద కూర్చుని, ఇప్పుడు ఈవిడ కూడా దిక్కు చూపిస్తే నేనేం చేయాలి అని నాకు చెమటలు పట్టాయి.

మఖోసి ఎముకలన్నీ పోగేసి మళ్లీ విసిరింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె చెప్పింది కొడుకు ముక్కముక్కగా ఇంగ్లిష్‌లో చెప్పాడు. "ఎముకలు నాకు మనిషిని చూపించడం లేదు. ఛాతీని చూపిస్తున్నాయి. సోమవారం క్లినిక్‌కి వెళ్లి కఫం ఇవ్వండి. అది అయ్యేదాకా నేను ఏ మందూ ఇవ్వను, ఎవరి దగ్గరా కక్కించుకోవద్దు. అమ్మ కర్మ మాత్రం చేయాలి. మేక, బీరు. ఈమె నయమయ్యాకే. ఆ బీరు మాకోతి చేతులతోనే తయారవ్వాలి." మాకోతి అంటే కొత్త కోడలు.

చెల్లెలు ఏదో అనబోయింది. మఖోసి చెయ్యెత్తింది, అంతే.

అందరూ బయటికి వెళ్లాక నేను కాసేపు ఉండిపోయాను. గోడ పక్కన అట్టపెట్టెలో కొత్త బ్లేడ్ల ప్యాకెట్లు కనిపించాయి. చర్మం మీద చిన్న గాట్లు పెట్టి మందు రుద్దే పద్ధతి ఉంది వాళ్లకు. హెచ్ఐవీ గురించి ఆరోగ్య శాఖ వాళ్లు నేర్పించిన దగ్గర్నుంచి ఒక మనిషికి ఒకే బ్లేడు వాడి పారేస్తున్నానని మఖోసి చెప్పింది. టీబీ అయితే ఎలా గుర్తుపడతారని అడిగాను. "రాత్రి చెమట, తగ్గే బరువు, రెండు వారాలు దాటిన దగ్గు. ఇది నాకు నర్సు నేర్పింది. నా గురువు నేర్పింది వేరే ఉంది. రెండూ కావాలి" అంది.

నాకు అప్పటిదాకా ఈ మాటలన్నీ ఒకే గంపలో ఉండేవి. అక్కడివాళ్లకు అలా కాదు. సంగోమా పెద్దలతో మాట్లాడి కారణం చెప్పేవాళ్లు, ఇన్యాంగా మూలికల వైద్యుడు, ఉమ్‌తకతి అంటే చేతబడి చేసేవాడు. మూడోవాడు మొదటి ఇద్దరికీ శత్రువు. పత్రికలు అందరినీ కలిపి "మంత్రగాళ్లు" అని రాసేస్తే ఆ మఖోసి లాంటి వాళ్లకు జరిగే అవమానం నాకు అప్పుడు తెలిసింది. అలాగని హీలర్లందరూ ఆవిడలాగే ఉంటారని చెబితే నేను అబద్ధమాడినట్టే. దక్షిణాఫ్రికా ఉత్తరాన లింపోపో వైపు చేతబడి పేరుతో మనుషుల్ని తగలబెట్టిన కాలం ఉంది. 1990ల్లో అక్కడి ప్రభుత్వం దాని మీద రాలుషాయ్ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఎవరినైనా మంత్రగత్తె అనడమే నేరమని 1957 నుంచి చట్టం ఉన్నా అవి ఆగలేదు. ఘనాలో 2020 జులైలో తొంభై ఏళ్ల ముసలమ్మను సంతలో కొట్టి చంపారు. అక్కడా ఒక జోస్యురాలి మాటతోనే మొదలైంది. ఆ దేశ పార్లమెంటు 2023లో ఇలాంటి నిందల్ని నేరంగా చేసే బిల్లు పాస్ చేస్తే, అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టలేదు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

సోమవారం సిసీతో క్లినిక్‌కి నేనే వెళ్లాను. ఆరింటికే లైను. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంచారు, గాలి ఆడాలని. నర్సు సిసీ మణికట్టుకున్న దారం చూసి ఎవరు పంపారని అడిగింది. మఖోసి అని చెబితే నవ్వలేదు, తిట్టలేదు. ఫైల్లో రాసుకుంది. "పంపినందుకు ఆవిడకు థ్యాంక్స్ చెప్పు" అంది. ఆ ఒక్క మాటతో సిసీ భుజాలు వదులయ్యాయి. నేను రెండుసార్లు చెప్పినా సిసీ క్లినిక్‌కి ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది. ఇంతకుముందెప్పుడో ఒక నర్సు ఆ దారాన్ని కత్తెరతో కత్తిరించేసిందట.

కఫం పరీక్ష జీన్ఎక్స్‌పర్ట్ అనే మెషిన్ మీద చేస్తారు. టీబీ ఉందా, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ దానికి పనిచేస్తుందా, రెండూ ఒకేసారి తెలుస్తాయి. రెండు రోజుల్లో ఫలితం వచ్చింది. టీబీ ఉంది, మామూలు మందులకు లొంగే టీబీ. దాంతో పాటు చేసే హెచ్ఐవీ పరీక్ష సంగతి సిసీ సొంత విషయం, నేను అడగలేదు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు రెండు మందులవి. అన్నీ ఉచితం.

క్లినిక్ సర్టిఫికెట్ వచ్చాక మేనేజరు నోరు మెదపలేదు. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు మూడేళ్ల కాలానికి కలిపి 30 రోజుల జీతంతో సిక్ లీవ్ ఉంటుంది. సిసీ అంతకుముందు దాన్ని దాదాపు ముట్టుకోలేదు. లైన్‌లో ఆమె పక్కన నిలబడేవాళ్లందరికీ స్క్రీనింగ్ పెట్టించాను. కానీ ఫ్యాక్టరీలో మాటలు ఆగలేదు. లంచ్ టేబుల్ దగ్గర డబ్బాలు దూరం జరిగాయి. కోడలి గురించి ఎవరు మోసుకొచ్చారో గానీ ఆ మాట లైన్‌లోకి కూడా పాకింది.

మందులు మొదలుపెట్టిన మూడో రోజు సిసీ ఫోన్ చేసింది. గొంతులో వణుకు. మూత్రం నారింజ రంగులో వస్తోందట. అది చూసి చెల్లెలు, "చూశావా, పెట్టిన మందు బయటికి పోతోంది" అని ఇల్లంతా చాటింది. రిఫాంపిసిన్ వాడితే ఎవరికైనా ఆ రంగు వస్తుంది. నేను చెబితే చెల్లెలు నమ్మలేదు. నర్సు చెప్పినా నమ్మలేదు. చివరికి మఖోసికి ఫోన్ చేశాను. ఆవిడ చెల్లెలితో ఏం మాట్లాడిందో తెలియదు. మర్నాటి నుంచి చెల్లెలే రోజూ పొద్దున పక్కన నిలబడి మాత్రలు మింగించి కార్డు మీద టిక్కు పెట్టడం మొదలుపెట్టింది. ఆర్నెల్లలో ఒక్క రోజు కూడా టిక్కు తప్పలేదు. ఆ కార్డు నేను చూశాను. మూలలు నలిగి, అట్ట మెత్తబడి ఉంది.

నవంబర్‌లో కర్మకు నన్ను పిలిచారు. అప్పటికి సిసీ యూనిఫాం మళ్లీ భుజాల మీద సరిగ్గా నిలుస్తోంది. చివరి కఫం పరీక్ష కూడా బాగానే వచ్చింది. బీరును ఉమ్‌కొంబోతి అంటారు. మొక్కజొన్న పిండి, మొలకెత్తించి ఎండబెట్టిన జొన్నల పిండి కలిపి ఉడకబెట్టి రోజుల తరబడి పులియబెడతారు. కోడలు మూడు రోజులుగా దాని దగ్గరే ఉందని సిసీ చెప్పింది. పెద్ద డ్రమ్ములోంచి గడ్డితో అల్లిన జల్లెడలో వడకడుతోంది, మోచేతుల దాకా తెల్లటి పిండి.

మఖోసి వచ్చి మూల కూర్చుంది, పని ఉండి వచ్చినట్టు కాకుండా చుట్టంలా. మేక అయ్యాక నల్ల మట్టికుండ నిండా బీరు తెచ్చారు. అక్కడొక ఆచారం ఉంది. బీరు పోసే ఇంటివాళ్లే అతిథుల ముందు మొదటి గుక్క తాగాలి, అందులో విషం లేదని చూపించడానికి. ఎప్పటి నుంచో ప్రతి ఇంట్లోనూ చేసేదే, కొత్తగా పెట్టింది కాదు. కానీ ఆ రోజు ఆ గదిలో గాలి బిగుసుకుంది. కోడలు మోకాళ్ల మీద కూర్చుని నురగ పక్కకు తీసి, కుండ రెండు చేతులతో ఎత్తి తాగింది. తర్వాత ఎవరికి ఇవ్వాలో ఆ పిల్లకు ముందే చెప్పారో లేదో నాకు తెలియదు. ఆ పిల్లే సిసీ చెల్లెలి ముందుకు జరిగి కుండ చాచింది.

చెల్లెలు కుండ అందుకుంది. ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. తర్వాత తాగింది, రెండు గుక్కలు కాదు, గటగటా. మూతికి అంటిన నురగ తుడుచుకోకుండానే పక్కావిడకు అందించింది. మూల నుంచి మఖోసి చప్పట్లు కొట్టింది, అందరూ అందుకున్నారు.

కుండ తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. పులిసిన జొన్న అంబలి రుచి, మా మేనత్త ఎండాకాలం చేసే అంబలి. అడుగున మిగిలింది నేనే తాగేశాను. కోడలు నా చేతుల్లోంచి ఖాళీ కుండ తీసుకుని, మళ్లీ నింపడానికి డ్రమ్ము దగ్గరికి వెళ్లింది.